ఇంజను దిమ్మ మీద

అహ్లోన్, యాంగాన్
14 సెప్టెంబరు 2025, ఆదివారం

మావయ్యకి మణిమాల నమస్కారాలు.

యంత్రం చేరింది. పగల్లేదు. కోల్‌కతా నుంచి మన వీధి హరినాథ్ దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకునే తెచ్చాడు. కస్టమ్స్‌లో ఇదేమిటని అడిగితే, మీరు చెప్పమన్నట్టే "భూమి కదలిక కొలిచేది" అన్నాడట. ఆ అధికారి మార్చి 28న, భూకంపం రోజున కూడా అక్కడే డ్యూటీలో ఉన్నాడట. ఇంకేమీ అడగకుండా పెట్టె మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడట.

ముందు గదిలో మూలగా, వంటింటి గోడ పక్కన పెట్టాను. మూడు కాళ్ళ మరలు తిప్పి మట్టం చూపే బుడగని నడిమికి తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వైరు రౌటర్‌కి కలిపాను. నీలం దీపం వెలిగింది. పదకొండూ ఇరవైకి ల్యాప్‌టాప్ మీద గీత మొదలైంది. సరిగ్గా అప్పుడే అమ్మ వంటింట్లో రోట్లో అల్లం దంచుతోంది. తెర మీద ఏడు పుల్లలు లేచాయి. పిలిచి చూపించాను.

"ఓలమ్మ! నా దంపుడు ఈడకెలాగొచ్చినాదే?" అంది.

వెళ్ళి ఒక్క దెబ్బ దంచింది, పరుగున వచ్చి చూసింది. మళ్ళీ వెళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మావయ్యా, అలా నాలుగుసార్లు తిరిగింది.

ఈ యంత్రం నాకెందుకో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. మార్చిలో భూకంపం వచ్చినప్పుడు నేను సేక్కాన్‌లో మా ఆఫీసు మూడో అంతస్తులో ఉన్నాను. ఓడల కాగితాలున్న బీరువా గోడ నుంచి జానెడు ముందుకి నడిచి వచ్చింది. నాకేమీ కాలేదు. కానీ తర్వాతి ఆదివారం తెలుగు క్లాసుకి మా ఇంటికొచ్చిన పదకొండుమంది పిల్లలూ ఒకటే ప్రశ్న. "సయామా, అది మనకెంత దూరం? అయిపోయిందా?" ఇక్కడ టీచరమ్మని సయామా అంటారు, మీకు గుర్తుందో లేదో. నాకు తెలీదన్నాను. ఆ వారమే ఎవరో ఫోన్లలో పంపారు, ఫలానా గంటకి ఇంకొకటి వస్తుందని. మా వీధి సగం ఆ గంటకి రోడ్డు మీద నిలబడింది. పిల్లలు నా కొంగు పట్టుకుని నిలబడ్డారు. ఏమీ రాలేదు. కానీ నా దగ్గర జవాబు లేదన్న సంగతి పిల్లలకి తెలిసిపోయింది. ఈసారి వాళ్ళు అడిగితే మా నేల ఏం చేసిందో నేను చెప్పగలగాలి. అంతే.

ఇక సమస్య. ఇలాంటి యంత్రాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్ మ్యాపులో మా స్టేషను ఓ పూట కనిపిస్తోంది, ఓ పూట మాయమవుతోంది. కనిపించినప్పుడు కూడా "సమయం నమ్మదగ్గది కాదు" అని ఎర్ర అక్షరాలు. ఏం చెయ్యాలి?

మణిమాల

*

కంచరపాలెం, విశాఖపట్నం
17 సెప్టెంబరు 2025

చి. మణిమాలకి,

ఇకనుంచి దీని గురించి ఫోనులో మాట్లాడుకోవద్దు. ఫోనులో చెప్పింది మర్నాటికి రెండు రకాలుగా గుర్తుంటుంది. అబ్జర్వేటరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఏం చేశావు, ఎన్ని గంటలకి చేశావు, రాసి మెయిల్ పెట్టు.

నీ సమస్య కరెంటు. యంత్రంలో సొంత గడియారం లేదు. వెలిగిన ప్రతిసారీ ఇంటర్నెట్‌ని అడిగి టైము తెలుసుకుంటుంది. మీకు రోజుకి ఎన్నిసార్లు కరెంటు పోతుందో నాకు తెలీదు గానీ, వచ్చిన ప్రతిసారీ రౌటర్ కంటే యంత్రం ముందు లేస్తోంది. టైము అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు. పాత టైముతోనే రాసుకుంటూ పోతుంది. ముందు రౌటర్ వెయ్యి. అయిదు నిమిషాలు ఆగు. తర్వాత యంత్రం వెయ్యి. ఇంకా మంచిది, రెండింటినీ ఇన్వర్టర్ బ్యాటరీకి కట్టెయ్యి. అప్పుడు అసలు ఆరిపోవు.

రెండో సంగతి. నెట్‌వర్క్ వాళ్ళ నియమం తెలుసుకో. డిసెంబరు 15 లోపల పద్నాలుగు రోజులు వరసగా, తెగకుండా, శుభ్రమైన రికార్డు రావాలి. రాకపోతే ఆ స్థానం వేరే ఊరికి ఇస్తారు, యంత్రం కూడా అక్కడికే పంపాలి. తర్వాతి వరసలో ఒక హైస్కూలు ఉంది. వాళ్ళూ నీలాగే ఉత్తరాలు రాస్తున్నారు.

మూడోది. యంత్రం కటిక నేల మీదే ఉండాలి. కింద చాప, గుడ్డ, అట్ట, ఏదీ ఉండకూడదు. నేల కదిలితేనే అది కదలాలి.

అక్క నిన్న ఫోను చేసింది. "నీ మిషను సంగతి నాను సూసుకుంటన్నాను" అంది. ఏం చూసుకుంటున్నావని అడిగితే "నీకెందుకురా" అని పెట్టేసింది.

మావయ్య
సత్యప్రసాద్

*

అహ్లోన్
5 అక్టోబరు, ఆదివారం

మావయ్యా,

గడియారం కుదిరింది! బ్యాటరీకి కట్టాక పదహారు రోజులుగా ఒక్కసారి కూడా ఆరలేదు. ఎర్ర అక్షరాలు పోయాయి. సెప్టెంబరు 24న సగాయింగ్ వైపు వచ్చిన చిన్న ప్రకంపన మన గీతలో కనిపించింది. అంటే నాకు కనిపించిందనుకున్నాను. నెట్‌వర్క్ నిర్వాహకురాలు అది భూకంపం కాదు, బస్సు అని జవాబు రాసింది. మర్యాదగానే రాసింది.

ఆమె రాసిన మిగతాది ఇది. మా రికార్డు పగలు వాడటానికి పనికిరావటం లేదట. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏదో ఊగుతున్నట్టు మందపాటి గీత వస్తోందట. సాయంత్రం సన్నబడుతోందట.

నేను పక్కింటి పద్మ మీద పడ్డాను. ఆమె గోడకవతల ఇడ్లీల దుకాణం నడుపుతుంది కదా, రుబ్బే మిషను నా గోడకే ఆనుకుని ఉంటుంది. "పద్మా, రెండు రోజులు నీ మిషను ఆపగలవా?" అన్నాను.

"ఆపుతాను. ఆ రెండు రోజులు నీ మిషను పిండి రుబ్బుతాదా?" అంది.

చివరికి ఒక్క మంగళవారం ఒప్పుకుంది. ముందురోజు రాత్రే పిండి రుబ్బి పెట్టుకుంది. మంగళవారం రికార్డు చూశాను. ఏమీ మారలేదు. ఇప్పుడు పద్మ వీధిలో అందరికీ చెబుతోంది, తన మిషనుకి నెట్‌వర్క్ వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారని.

నీళ్ళ పంపు ఆపాను. ఫ్యాను తీసేశాను. వైరు మార్చాను, అడాప్టర్ మార్చాను. అదే మందపాటి గీత. వారం రికార్డు మొత్తం మీకు పంపుతున్నాను. డిసెంబరు 15కి డెబ్బై ఒక్క రోజులు ఉన్నాయి.

మణి

*

కంచరపాలెం
9 అక్టోబరు

మణీ,

నీ వారం రికార్డు నాలుగు గంటలు కూర్చుని చూశాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత సరదా పడలేదు.

వైరు బాగుంది. అడాప్టర్ బాగుంది. పద్మకి నా తరఫున క్షమాపణ చెప్పు.

నేను చూసింది ఇది. సోమవారం 8.12కి ఒక పెద్ద కుదుపు. మూడు సెకన్లు. తర్వాత మందపాటి గీత మొదలు. సాయంత్రం 5.40కి ఇంకో కుదుపు. గీత సన్నబడింది. మంగళవారం 8.14, 5.38. బుధవారం 8.12, 5.41. శుక్రవారం దాకా ఇదే. శనివారం 8.13, 1.25. ఆదివారం ఒక్కటీ లేదు.

ఆ కుదుపు భూమిది కాదు. యంత్రాన్ని చేత్తో ఎత్తి దించితే వచ్చే కుదుపు. ఎత్తి దించాక అది దేని మీదో ఉంటోంది. ఆ దేనికో నాలుగు కాళ్ళున్నాయి, వాటిలో ఒకటి పొట్టి. సెకనుకి తొమ్మిదిసార్లు కొట్టుకుంటోంది.

నువ్వు ఆఫీసుకి ఎన్ని గంటలకి బయల్దేరతావో, ఎన్నింటికి ఇంటికొస్తావో నాకు తెలీదు. శనివారం సగం పూటేనా? ఆదివారం నువ్వు ఇంట్లోనే ఉంటావని మాత్రం తెలుసు.

ఇంట్లో ఇంకెవరుంటారో కూడా తెలుసు. కోప్పడకుండా అడుగు.

మావయ్య

*

అహ్లోన్
12 అక్టోబరు, ఆదివారం

మావయ్యా,

నేను 8.10కి బయల్దేరతాను. 5.45కి వస్తాను. శనివారం ఒకటిన్నరకి. మీరు సముద్రం అవతల కూర్చుని మా ఇంటి తలుపు చప్పుడు విన్నారు! మీ ఉత్తరం చదివి నాకు నవ్వాగలేదు, కొంచెం భయం కూడా వేసింది.

కోప్పడకుండానే అడిగాను. పొద్దున్న కాఫీ తాగుతున్నప్పుడు మీ ఉత్తరం పైకి చదివాను. "8.12" దగ్గర అమ్మ గ్లాసు కింద పెట్టింది. "5.40" దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను.

"ఏటే అలాగ సూస్తావు? నానే ఎత్తినాను. పీట మీద పెట్టినాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకేటి? ఇంటికొచ్చినోళ్ళని కటిక నేల మీద కూకోబెడతామా? పీటెయ్యకుండా ఎవులికైనా మంచినీళ్ళైనా ఇచ్చినామా మన ఇంట్లో? నా తమ్ముడు పంపినాడు దాన్ని. నువ్వేమో మూల్లో, తడి నేల మీద, సెప్పుల పక్కన పడేసినావు."

"మరి సాయంత్రం ఎందుకు దించుతున్నావు?"

"నువ్వు తిడతావని."

మీరు రాసింది నిజం. పీటకి ఒక కాలు పొట్టి. దాని మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు కూడా వేసింది.

నేను పక్కన కూర్చుని చెప్పాను. ఇది కూర్చోడానికి వచ్చింది కాదమ్మా, వినడానికి వచ్చింది, కింద ఉన్నది కదిలితే నేల కదిలినా దీనికి తెలీదు, కదలని దాని మీద పెట్టాలి అని. అమ్మ తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. మావయ్యా, తర్వాత ఆమె అన్నది ఉన్నదున్నట్టు రాస్తాను.

"అయితే ఈ ఇంట్లో ఎందుకెట్టినావు? ఈ ఇల్లు రేవు బురద మీద కట్టినారు. బస్సెళ్తే గిన్నెలు గలగలంటాయి. కదలందే కావాలంటే మిల్లులో ఇంజను దిమ్మ లేదేటి?"

రెండు వీధులవతల పాత బియ్యం మిల్లు ఉంది కదా. ఇప్పుడు గోడౌను. అమ్మ పదో ఏట నుంచి అక్కడ తవుడు మోసింది. ఆవిరి ఇంజనుని నిలబెట్టడానికి కట్టిన దిమ్మ ఇంకా అలాగే ఉందట. కింద టేకు దుంగలు గట్టి నేల తగిలేదాకా దింపి, పైన ఇటుకా సున్నం కట్టారట.

"ఇంజను తిరుగుతుంటే మిల్లంతా దడదడలాడీది. ఆ దిమ్మ మీద మా నాన్న మంచినీళ్ళ సెంబు ఎట్టుకునీవోడు. సెంబులో నీళ్ళు కదిలీవి కావు. మేము గుంటలం పోటీ పడి సూసీవోళ్ళం."

మీ నాన్నగారు ఆ ఇంజనుకి నూనె పోసేవారట, మీకు తెలుసా? నాకు ఈ రోజు దాకా తెలీదు.

ఆ దిమ్మ మీద పెడితే? చెప్పండి. వెంటనే చెప్పండి. గోడౌను కాపలా చూసేది మన లింగరాజు అన్నే.

మణి

*

కంచరపాలెం
15 అక్టోబరు

మణీ,

నాన్న మిల్లులో పనిచేశాడని తెలుసు. ఏ పనో తెలీదు. పెళ్ళయిన అక్కని అక్కడే వదిలి మేము విశాఖ ఓడెక్కేనాటికి నాకు అయిదేళ్ళు. ఇక్కడికి వచ్చాక ఆయన దాని గురించి మాట్లాడలేదు, నేను అడగలేదు.

ఇక దిమ్మ గురించి. సూత్రంగా అక్క చెప్పింది సరైనదే. అబ్జర్వేటరీలో మేము సిమెంటుతో దిమ్మ కట్టించేది ఇందుకే. కానీ అరవై ఏళ్ళ నాటి జ్ఞాపకం మీద స్టేషను పెట్టను. దుంగలు కుళ్ళి ఉండొచ్చు. దిమ్మ రెండుగా చీలి ఉండొచ్చు.

పరీక్ష చెయ్యి. యంత్రాన్నీ బ్యాటరీనీ తీసుకెళ్ళి, పగలు లారీలు తిరిగే వేళ, ఒక గంట ఆ దిమ్మ మీద నడిపించు. అదే రోజు అదే వేళకి ఇంట్లో నేల మీద ఒక గంట. రెండూ నాకు పంపు. దిమ్మ మీద మూడోవంతుకి తగ్గితే మాట్లాడదాం.

తొందరపడి గోడౌను యజమానికి చెప్పకు. అంకెలు వచ్చాక చెప్పు.

మావయ్య

*

అహ్లోన్
9 నవంబరు, ఆదివారం

మావయ్యా,

మూడోవంతు కాదు. పదకొండో వంతు! మీకు పంపిన అంకెలు మీరు చూసే ఉంటారు, అయినా రాయకుండా ఉండలేను. గోడౌను వాకిట్లో సిమెంటు లారీ వెనక్కి వస్తుంటే, ఇంట్లో అయితే గీత తెర దాటిపోయేది. దిమ్మ మీద అది వెంట్రుకంత లేచింది.

యజమాని ఊ సో మిన్‌కి అంకెలున్న కాగితం చూపించాను. దీనితో గోడౌనుకి ఏమైనా ప్రమాదమా అని అడిగాడు. లేదన్నాను. ఏమైనా లాభమా అన్నాడు. అదీ లేదన్నాను. అయినా ఒప్పుకున్నాడు. వార్డు ఆఫీసుకి కాగితం మాత్రం తనే రాసిచ్చాడు.

లింగరాజు అన్నకి వేరే అనుమానం. "మణీ, దీన్లో కెమేరా ఉందేటి?"

"లేదన్నా."

"అయితే నాను కునుకు తీస్తే కనపడదు కదా?"

"కనపడదు. కానీ నువ్వు రౌండుకి లేచి నడిస్తే అడుగులు పడతాయి. లేవకపోతే పడవు."

అప్పటినుంచి రెండు గంటలకోసారి దిమ్మ చుట్టూ గట్టిగా కాళ్ళు తాటిస్తూ తిరుగుతున్నాడు. దయచేసి దూరంగా నడవమని బతిమాలుకోవాల్సి వచ్చింది.

తర్వాత వైరు. మా ఇంటి నుంచి దిమ్మకి నూట ముప్ఫై మీటర్లు. చుట్ట కొని, సందు మీదుగా, గోడ మీదుగా రెండు రోజులు లాగాం. నీలం దీపం వెలిగింది, కానీ ఒక్క అంకె కూడా ఇంటికి రాలేదు. మూడు రోజులు వైరుని అంగుళం అంగుళం తడిమాను. ఎక్కడా తెగలేదు. చివరికి చదివితే తెలిసింది, ఆ రకం వైరు వంద మీటర్లు దాటితే మాట మోయదట. ఎనభయ్యో మీటరు దగ్గర, లింగరాజు అన్న గదిలో, వైరుని రెండు ముక్కలు చేసి మధ్యలో చిన్న స్విచ్ పెట్టె పెట్టాను. వెంటనే గీత వచ్చేసింది. అన్న చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు పడలేదు. దిమ్మ అంత మంచిది.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. నిన్న మన స్టేషను చూద్దామని నెట్‌వర్క్ మ్యాపు తెరిచి, పొరపాటున విశాఖ వైపు జరిపాను. కంచరపాలెంలో ఒక స్టేషను ఉంది. బూడిద రంగులో ఉంది. నొక్కితే వివరాలు వచ్చాయి. ఆరేళ్ళు తెగకుండా నడిచింది. ఆగస్టు 29 ఉదయం 9.05కి ఒక కుదుపు, మూడు సెకన్లు. ఆ తర్వాత ఏమీ లేదు.

హరినాథ్ మీ ఇంటికి వచ్చి పెట్టె తీసుకున్నది ఆగస్టు 29నే.

నెట్‌వర్క్ వాళ్ళ దగ్గర ఒకటి అదనంగా ఉంది, అదే పంపుతున్నానని మీరు నాకు చెప్పారు.

మణి

*

కంచరపాలెం
13 నవంబరు

మణీ,

బాగా చదివావు. నేను నేర్పిందే నా మీద ప్రయోగించావు.

అవును, అది మా ఇంటిదే. అదనపు యంత్రం ఏదీ లేదు. నువ్వు మార్చి సంగతి చెప్పినప్పుడు నెట్‌వర్క్ వాళ్ళకి రాశాను. లేదన్నారు. మా ఇంటి స్థానం వదులుకుంటాను, యాంగాన్‌కి ఇవ్వండి అన్నాను. మూడున్నర నెలల గడువు పెట్టి ఒప్పుకున్నారు. గడువు సంగతి నీకు చెప్పాను. మిగతాది చెప్పి ఉంటే నువ్వు తీసుకునేదానివి కాదు.

దీన్ని త్యాగం అనుకోకు. విశాఖ గట్టి రాతి మీద ఉంది. చుట్టుపక్కల మంచి యంత్రాలున్నాయి. నా గీత లేకపోతే ఎవరికీ లోటు లేదు. మీ రేవు బురదలో ఒక్క గీత కూడా లేదు. ఇది లెక్క. మీ అత్తయ్య జయకి మాత్రం నేను పొద్దున్నే ఎవరితో మాట్లాడుకోవాలో తెలీక వంటింట్లోకి వస్తున్నానని ఫిర్యాదు.

ఇంకో లెక్క. పద్నాలుగు రోజులు డిసెంబరు 15కి పూర్తి కావాలంటే, నవంబరు ఆఖరుకల్లా మొదలవ్వాలి. దిమ్మ మీద అన్నీ బిగించి, నిర్వాహకురాలికి రాసి లెక్క మొదలెట్టించు. మొదలయ్యాక ఏదీ ముట్టుకోకు.

మావయ్య

*

పబేడాన్, యాంగాన్
5 డిసెంబరు, శుక్రవారం

మావయ్యా,

ఇది బంగారురాజు గారి బట్టల దుకాణం నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు.

లెక్క నవంబరు 26న మొదలైంది. ఎనిమిది రోజులు ఒక్క సెకను తెగలేదు. నిర్వాహకురాలు "చాలా శుభ్రంగా ఉంది" అని రాసింది. నిన్న మధ్యాహ్నం మూడింటికి మా టౌన్‌షిప్ అంతా ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఎప్పుడొస్తుందో కూడా తెలీదు. రౌటర్ మార్చి చూశాను, సిమ్ మార్చి చూశాను. ఇక్కడ పబేడాన్‌లో ఉంది. అహ్లోన్‌లో లేదు.

ఇవాళే తిరిగి వచ్చినా మళ్ళీ పద్నాలుగు లెక్కపెట్టాలి. డిసెంబరు 15 దాటిపోతుంది. నేను ముట్టుకోలేదు, మావయ్యా. ఏదీ ముట్టుకోలేదు.

పిల్లలకి ఏం చెప్పాలి? వాళ్ళు రోజూ గోడౌను గేటు దగ్గరికి వచ్చి దీపం రంగు చూసి వెళ్తున్నారు.

మణి

*

కంచరపాలెం
6 డిసెంబరు

మణీ,

బంగారురాజు గారి దుకాణానికి వెళ్ళినప్పుడు ఇది చదువుతావని రాస్తున్నాను.

నిర్వాహకురాలికి రాత్రే రాశాను. నియమం నియమమేనంది. మీ రికార్డు మీద ఆమెకి మంచి అభిప్రాయం ఉంది, కానీ హైస్కూలు వాళ్ళకి మాట ఇచ్చారు. నీ దగ్గర దాచను. పదిహేను తర్వాత ప్యాక్ చెయ్యాల్సి రావచ్చు.

ఈలోగా ఒక్క పని. యంత్రాన్ని ఆపకు. దానికి చెప్పడం కుదరటం లేదు గానీ వినడం ఆపలేదు. లోపల మెమరీ కార్డులో అంతా రాసుకుంటూనే ఉంది. ఆపితే గడియారం పోతుంది, అప్పుడు రాసినదానికి విలువ ఉండదు. నీ ల్యాప్‌టాప్ స్విచ్ పెట్టెకి కలిపితే ఇంటర్నెట్ లేకుండానే గీత చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు.

అక్కకి చెప్పకు ఇంకా.

మావయ్య

*

పబేడాన్
7 డిసెంబరు, ఆదివారం

మావయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం 10.52. పదకొండుమంది పిల్లలూ మా ముందు గదిలో ఉన్నారు. వాళ్ళలో ప్రమోద నల్లబల్ల మీద రాస్తోంది. ముందు ఎవరో తలుపు తట్టినట్టు చిన్న కుదుపు. నేను తలుపు వైపు చూశాను కూడా. తర్వాత గది ఊగింది. నల్లబల్ల గోడకి కొట్టుకుంది. "బైటికి" అన్నాను. మార్చి తర్వాత నేర్చుకున్నట్టే తలల మీద సంచులు పెట్టుకుని వరసగా వెళ్ళారు. అమ్మని మా క్లాసు నాగేంద్ర చెయ్యి పట్టుకుని తెచ్చాడు. అప్పటికే ఆగిపోయింది. వీధిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. పద్మ ఇడ్లీ పాత్ర మాత్రం బోర్లాపడింది.

అందరూ ఫోన్లు చూస్తున్నారు. ఇంటర్నెట్ లేదు కదా, ఏమీ రాదు. ఎవరో మొదలెట్టేశారు, ఇది ముందొచ్చినది, పెద్దది వెనకుందని. ప్రమోద నా చెయ్యి పట్టుకుంది. "సయామా, ఎంత దూరం?"

నేను ల్యాప్‌టాప్ తీసుకుని గోడౌనుకి పరిగెత్తాను. పదకొండుమందీ నా వెనకే. లింగరాజు అన్న గదిలో పెట్టెకి వైరు పెట్టాను. గీత వచ్చింది. మావయ్యా, ఎంత శుభ్రంగా ఉందంటే, చాలాసేపు తదేకంగా చూస్తూనే ఉండిపోయాను. సన్న గీత, సన్న గీత, ఒక చిన్న పుల్ల, మళ్ళీ కాసేపు మామూలుగా వణుకు, ఉన్నట్టుండి పెద్ద అల.

నెట్‌వర్క్ వాళ్ళ పుస్తకంలో కిందటి వారమే చదివాను. ముందొచ్చే కుదుపుకీ వెనకొచ్చే అలకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి ఎనిమిదితో హెచ్చవేస్తే దూరం కిలోమీటర్లలో వస్తుందని. మొత్తం గడియారం కాస్త తప్పినా ఈ తేడా మాత్రం మారదు. తెర మీద వేలు పెట్టి పిల్లల చేత లెక్కపెట్టించాను. పదకొండు.

"ఎనిమిదో ఎక్కం చెప్పండి" అన్నాను.

గోడౌను గేటు దగ్గర, సిమెంటు బస్తాల మధ్య, పదకొండుమందీ అరుస్తూ చెప్పారు. "ఎనిమిదొకట్లు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు..." పది దగ్గర ఆగిపోయారు.

"సయామా, మీరు పది దాకే సెప్పినారు!" అన్నాడు నాగేంద్ర, తప్పంతా నాదేనన్నట్టు.

"ఎనభైకి ఎనిమిది కలుపురా, బడుద్ధాయ్" అంది ప్రమోద. "ఎనభై ఎనిమిది."

ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. మా కింద కాదు. మా నది కింద కాదు. వీధిలోకి వెళ్ళి చెప్పాం. "మీకెవులు సెప్పినారు?" అని పద్మ అడిగితే, ప్రమోద "మేమే లెక్కేసినాం" అంది. ఇంకొకటి వస్తుందా అని అడిగిన వాళ్ళకి, చిన్నవి రావచ్చు, ఫలానా గంటకి అని ఎవరైనా చెబితే అబద్ధం అని చెప్పాను. మార్చిలో చెప్పలేకపోయినది అది.

రికార్డు కాపీ తీసుకుని బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. యంత్రాన్ని ఆపలేదు. బంగారురాజు గారు ఆదివారం బేరాలు పక్కన పెట్టి నాకు ల్యాప్‌టాప్ పెట్టుకోడానికి కౌంటరు మీద చోటు చేశారు. 12.40కి ఫైలు నెట్‌వర్క్‌కి పంపాను. నాలుగో తేదీ నుంచి ఈ రోజు దాకా ఉన్నదంతా కూడా పంపాను. గడియారం మూడు రోజులుగా దిద్దుకోలేదని స్పష్టంగా రాశాను.

ఇంకా జవాబు రాలేదు. ఇక్కడే కూర్చున్నాను. అమ్మకి అంతా చెప్పేశాను, ప్యాక్ చెయ్యాల్సి రావచ్చని కూడా. "ప్యాకేటి? ఆళ్ళనొచ్చి ఆ దిమ్మతో సహా ఎత్తుకెళ్ళమను" అంది.

మణి

*

కంచరపాలెం
11 డిసెంబరు

చి. మణిమాలకి,

నీకు నిన్ననే ఇంటర్నెట్ తిరిగి వచ్చిందని గీత చూసి తెలుసుకున్నాను. అందుకే ఇది ఇంటికే రాస్తున్నాను.

నిర్వాహకురాలు నాకు రాసిన ఉత్తరం కింద జత చేశాను. సారాంశం చెబుతాను. ఆదివారం నాటి భూకంపాన్ని ఉత్తరం నుంచి, తూర్పు నుంచి చాలా యంత్రాలు పట్టుకున్నాయి. దక్షిణం నుంచి ఒక్కటీ లేదు. అందువల్ల మొదట వేసిన కేంద్రం పదిహేడు కిలోమీటర్లు పక్కకి పోయింది. మీ రికార్డు చేరాక దిద్దారు. చివరి లెక్కలో మీకు దాని దూరం తొంభై ఒకటి. పిల్లల లెక్క ఎనభై ఎనిమిది. మా అబ్జర్వేటరీలో కొత్తగా చేరినవాళ్ళు ఇంతకంటే ఎక్కువే తప్పేవారు.

పద్నాలుగు రోజుల నియమం స్టేషనుని నమ్మొచ్చో లేదో తెలుసుకోడానికని, ఆ సంగతి ఇప్పుడు తెలిసిందని ఆమె రాసింది. అహ్లోన్ స్టేషను శాశ్వతం. హైస్కూలు వాళ్ళకి వేరే యంత్రం వెతుకుతున్నారు. నేను కూడా వెతుకుతానన్నాను.

అక్కకి చెప్పు. నా మాటగా కాదు, నిర్వాహకురాలి మాటగా చెప్పు. "ఆ దిమ్మని ఎంచినవారు ఎవరో గానీ వారికి నేల తెలుసు" అని రాసింది.

నిన్న మధ్యాహ్నం 1.16కి అటువైపే ఇంకో చిన్నది వచ్చింది. రెండు పాయింట్ ఎనిమిది. నువ్వు ఆఫీసులో, అక్క భోజనం దగ్గర ఉండి ఉంటారు. గ్లాసులో నీళ్ళు కూడా కదిలి ఉండవు. పద్మకి, లింగరాజుకి, వీధిలో ఎవరికీ తెలిసి ఉండదు. నేను మాత్రం ఇక్కడ కూర్చుని మీ గీతలో చూశాను. సెకన్లు లెక్కపెట్టి ఎంత వచ్చిందో నీకు చెప్పను. ఆదివారం పిల్లల చేత చెప్పించి నాకు రాయి.

మావయ్య
సత్యప్రసాద్